కారు కింద స్ప్లాష్ గార్డ్ లేకుండా బెంగళూరులో బండి నడపొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో వానలు మొదలైనప్పుడు ఒకసారి, సంక్రాంతికి ఊరు బయల్దేరే ముందు ఇంకోసారి ఇక్కడి తెలుగువాళ్ల మధ్య ఈ మాట వస్తూనే ఉంటుంది: "కారు కింద నల్ల ప్లాస్టిక్ ఏదో ఊడిపోయింది, ఏం కాదు కదా?" తొందరలో ఉన్నవాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నాను. రోడ్డు పొడిగా ఉంటే కొన్నాళ్లు నడపొచ్చు. వానలో, నీళ్లు నిలిచిన రోడ్ల మీద మాత్రం వద్దు. సగం ఊడి వేలాడుతుంటే అసలు కదలొద్దు. తీరిక ఉన్నవాళ్లు కింది ప్రశ్నలు చదవండి.

స్ప్లాష్ గార్డ్ అంటే ఏది? చక్రం వెనక ఉండే మడ్ ఫ్లాపేనా?

కాదు. మడ్ ఫ్లాప్ చక్రం వెనక వేలాడే రబ్బరు ముక్క. స్ప్లాష్ గార్డ్ ముందు బంపర్ కింది అంచు దగ్గర మొదలై ఇంజిన్ అడుగు దాకా పరుచుకుని ఉండే నల్లటి పలక. ఎక్కువ కార్లలో పలచని ప్లాస్టిక్‌తో చేస్తారు, కొన్నిట్లో దట్టంగా నొక్కిన ఫెల్ట్ ఉంటుంది. కొన్ని మోడళ్లలో ఒకే ముక్క, కొన్నిట్లో కుడి ఎడమలు వేరు. గ్యారేజీలో "అండర్ కవర్" అని అడిగితే వెంటనే అర్థమవుతుంది, కొందరు "ఇంజిన్ గార్డ్" అంటారు. చక్రం పైన కమాను లోపలి వైపు ఉండే ఫెండర్ లైనర్ వేరే భాగం. కానీ ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి ఒకటి ఊడితే రెండోది కూడా వదులవుతుంది.

ఎన్ని రోజులు అది లేకుండా తిరగొచ్చు?

బండి కదలడానికి, ఆగడానికి, తిరగడానికి ఈ పలకతో పని లేదు. అందుకే అది లేకపోయినా మొదటి రోజు ఏమీ తేడా తెలియదు, రెండో రోజూ తెలియదు. "ఇన్నాళ్లు ఏం కాలేదు కదా" అని వాయిదా వేయడానికి అదే కారణం.

నా లెక్క ఇది. జనవరి నుంచి మార్చి దాకా బెంగళూరులో దాదాపు వాన ఉండదు కాబట్టి, ఆ నెలల్లో ఊడితే వారం పది రోజుల్లో వీలు చూసుకుని వేయించుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉన్నట్టుండి కుండపోత కురుస్తుంది. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా అయితే చెప్పక్కర్లేదు. ఆ నెలల్లో ఊడితే వచ్చే శనివారం దాటనివ్వకండి. ఊరవతల మట్టి రోడ్డు మీదో, పని జరుగుతున్న మెట్రో పిల్లర్ల పక్కనో రోజూ వెళ్లేవాళ్లకు ఎండాకాలం కూడా మినహాయింపు కాదు. అక్కడ నీళ్ల బదులు కంకర లేస్తుంది.

సగం ఊడి వేలాడుతోంది. ఆఫీసుకు వెళ్లొచ్చి చూసుకోవచ్చా?

వద్దు. పూర్తిగా ఊడిపోయిన దానికన్నా వేలాడేదే ప్రమాదం.

ముందు వైపు క్లిప్పులు ఊడి, వెనక వైపు మాత్రం పట్టు ఉందనుకోండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగం అందుకోగానే ఎదురుగాలి ఆ సందులో దూరి పలకను కిందికి నొక్కుతుంది. రోడ్డుకు రాసుకుంటూ చర్రుమని చప్పుడు వస్తుంది. తర్వాత హంప్‌కి తగిలి మడతపడి, ముందు చక్రం కిందికి వెళ్తుంది. చక్రం దాన్ని లాగితే ఫెండర్ లైనర్, బంపర్ మూల, ఒక్కోసారి ఫాగ్ ల్యాంప్ వైరు కూడా దానితో వచ్చేస్తాయి. వందల్లో పోయే పని వేలల్లోకి వెళ్తుంది.

అంతకంటే ముఖ్యం, మీ వెనక వచ్చే బైకు. వేగంగా వెళ్తున్న కారు కింది నుంచి అడుగున్నర వెడల్పు ప్లాస్టిక్ పలక విడివడి వెళ్లి టూవీలర్ ముందు చక్రానికి అడ్డం పడితే ఏమవుతుందో చెప్పనవసరం లేదు. సిల్క్ బోర్డ్ నుంచి హెబ్బాళ దాకా మన చుట్టూ ఎప్పుడూ టూవీలర్లే.

చప్పుడు వినగానే సురక్షితంగా పక్కకు ఆపండి, హజార్డ్ లైట్లు వేయండి. సైలెన్సర్ వేడిగా ఉంటుంది, దాని జోలికి పోకండి. బంపర్ వైపు అంచుకు చేయి అందితే జిప్ టైతో పైకి కట్టేసి, తక్కువ వేగంతో దగ్గర్లోని గ్యారేజీకి వెళ్లండి. కట్టడానికి వీల్లేకపోతే మిగిలిన క్లిప్పులు కూడా తీసి, పలకను డిక్కీలో వేసుకుని వెళ్లండి. దాన్ని పారేయొద్దు, చాలాసార్లు దాన్నే బాగుచేసి మళ్లీ బిగించవచ్చు.

బెంగళూరులోనే ఇది ఇంతగా ఎందుకు ఊడుతుంది?

మొదటి కారణం హంపులు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి హంప్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. దాని మీద గంటకు 25 కిలోమీటర్ల వేగంతో కారు హాయిగా ఎక్కి దిగుతుంది. మన లేఅవుట్ల లోపలి రోడ్లలో ఉన్నవి అలా ఉండవు. కాలనీవాళ్లు కాంక్రీటు పోయించుకున్నవి, నిటారుగా, ఇరుగ్గా ఉంటాయి. చిన్న సెడాన్ల గ్రౌండ్ క్లియరెన్స్ 165 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, అదీ ఖాళీ బండికి. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారు, వెనక ముగ్గురు, డిక్కీలో బియ్యం మూట, పచ్చడి జాడీలు. బండి కిందికి దిగుతుంది. రోజూ తగలని హంప్ ఆరోజు తగులుతుంది.

రెండో కారణం బేస్‌మెంట్ ర్యాంపులు. ర్యాంప్ దిగి నేల మొదలయ్యే మూల దగ్గర ముందు బంపర్ కింది పెదవి రాసుకుంటుంది. ఒకసారి రాసుకుంటే ఏమీ కాదు. రోజుకు రెండుసార్లు చొప్పున ఏడాది రాసుకుంటే క్లిప్పు తలలు అరిగిపోతాయి. మీ ర్యాంప్ అడుగున సిమెంటు మీద నల్లటి గీతలు కనిపిస్తున్నాయా? అవి మీ అపార్ట్‌మెంట్ కార్ల అండర్ కవర్లవే. ర్యాంప్‌ను వీలైనంత నెమ్మదిగా దిగండి. వెడల్పు ఉంటే కొద్దిగా ఏటవాలుగా దిగండి, రెండు ముందు చక్రాలూ ఒకేసారి కిందికి రాకుండా.

మూడోది సర్వీసింగ్, దీని గురించి తక్కువమంది ఆలోచిస్తారు. చాలా కార్లలో ఆయిల్ మార్చాలంటే ఈ కవర్ విప్పాలి. విప్పేటప్పుడు పాత క్లిప్పులు రెండు విరుగుతాయి. కొత్తవి చేతిలో లేకపోతే ఉన్నవాటితోనే బిగించి పంపేస్తారు. పది క్లిప్పుల బరువు ఎనిమిది మోస్తాయి, వచ్చే హంప్‌కి ఐదవుతాయి. అందుకే సర్వీసుకు ఇచ్చేటప్పుడు "అండర్ కవర్ క్లిప్పులు లేనివన్నీ కొత్తవి వేయండి" అని జాబ్ కార్డ్ మీద రాయించండి. బండి తీసుకునేటప్పుడు ఫోన్‌ను సెల్ఫీ స్టిక్‌కు తగిలించి, లైటు వేసి, బంపర్ కిందికి పోనిచ్చి అర నిమిషం వీడియో తీయండి. క్లిప్పు లేని రంధ్రాలు అందులో స్పష్టంగా కనబడతాయి. అడిగితే చాలు, అక్కడే వేసి ఇస్తారు.

వానలో అది లేకపోతే సరిగ్గా ఏం జరుగుతుంది?

ముందు చక్రాలు నీటిని చిమ్మే దిశ గమనించండి. బయటికి ఎంత చిమ్ముతాయో లోపలికీ అంతే చిమ్ముతాయి. చక్రానికి పక్కనే, ఇంజిన్ చివర, ఫ్యాన్ బెల్ట్ తిరుగుతూ ఉంటుంది. దాని మీద ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది), ఏసీ కంప్రెసర్, చాలా ఇంజిన్లలో వాటర్ పంప్ ఆధారపడి ఉంటాయి. గార్డ్ ఉన్నంతకాలం ఆ నీళ్లు గార్డ్‌కు కొట్టుకుని కిందికి పోతాయి. లేకపోతే నేరుగా బెల్ట్ మీద పడతాయి.

తడిసిన బెల్ట్ పుల్లీ మీద జారుతుంది, కీచుమని అరుస్తుంది. ఆ సమయంలో ఆల్టర్నేటర్ సరిగ్గా తిరగదు కాబట్టి మీటర్‌లో బ్యాటరీ గుర్తు ఒక్క క్షణం వెలిగి ఆరిపోవచ్చు. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న పాత బండ్లలో స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కుతుంది, మలుపులో అలా అయితే భయం వేస్తుంది. బెల్ట్ ఆరాక అన్నీ మామూలవుతాయి, మనమూ మర్చిపోతాం.

నీళ్లు ఆరిపోయినా మట్టి మిగిలిపోతుంది. ఈ బెల్ట్ లోపలి వైపు పొడవునా సన్నటి గాళ్లు ఉంటాయి. బురదతో వచ్చిన ఇసుక రేణువులు, చిన్న కంకర రాళ్లు ఆ గాళ్లలో ఇరుక్కుని బెల్ట్‌నూ పుల్లీనీ అరగదీస్తాయి. కంకర పెద్దదైతే బెల్ట్ గాడి తప్పుతుంది, లేదా అంచు చిరుగుతుంది. వాటర్ పంప్ అదే బెల్ట్ మీద ఉన్న బండిలో బెల్ట్ పోయిందంటే కొద్ది నిమిషాల్లో ఇంజిన్ వేడెక్కుతుంది. బ్యాటరీ గుర్తు వెలిగి ఆరకుండా ఉండి, దానితోపాటు టెంపరేచర్ ముల్లు పైకి వెళ్తుంటే ఇంటిదాకా లాక్కెళ్దామనుకోకండి. అక్కడే ఆపేయండి.

ఇక వైర్లు. ఏసీ కంప్రెసర్ కనెక్టర్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, క్రాంక్ సెన్సర్ లాంటివి చాలా ఇంజిన్లలో కింది భాగంలోనే ఉంటాయి. వీటి కనెక్టర్లకు రబ్బరు సీళ్లుంటాయి, ఒక్క వానకు ఏమీ కావు. కానీ రోజూ బురదనీళ్లు తగులుతూ ఉంటే పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది. ఆ చిలుము వల్ల ఆరు నెలల తర్వాత చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, అప్పుడు ఎవరికీ స్ప్లాష్ గార్డ్ గుర్తు రాదు. మెకానిక్ సెన్సర్ మారుస్తాడు, కొన్నాళ్లకు మళ్లీ అదే లైటు.

గార్డ్ బాగానే ఉంది. అయితే నీళ్లు నిలిచిన రోడ్డులోంచి వెళ్లొచ్చా?

ఈ అపోహ ఒక్కటి పోతే చాలు, మిగతా పేజీ చదవకపోయినా ఫర్వాలేదు. స్ప్లాష్ గార్డ్ చక్రాలు చిమ్మే నీటిని ఆపుతుంది. నిలిచి ఉన్న నీటిని ఆపలేదు. దాని చుట్టూ సందులుంటాయి, నీటి మట్టం పెరిగితే లోపలికి నీళ్లు ఎలాగూ వస్తాయి.

ఇంజిన్‌ను చంపేది ఎయిర్ ఇన్‌టేక్‌లోంచి వెళ్లే నీరు. గాలి పీల్చే గొట్టం మూతి సాధారణంగా గ్రిల్ వెనక, హెడ్‌ల్యాంప్ దగ్గర ఉంటుంది. నీళ్లలో వేగంగా వెళ్తే బంపర్ ముందు అల లేచి ఆ మూతిని అందుకుంటుంది. సిలిండర్‌లోకి చేరిన నీరు గాలిలా నొక్కుకుపోదు, పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకూడదని అందుకే అంటారు. ఒక్కసారి సెల్ఫ్ కొట్టినా ఇంజిన్ విప్పాల్సి రావచ్చు. తోసుకుని బయటికి తెచ్చి, టోయింగ్ బండిని పిలవండి.

2022 ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు, ఔటర్ రింగ్ రోడ్డు మునిగినప్పుడు ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్లారు, సెల్లార్లలో కార్లు పైకప్పు దాకా మునిగాయి. 2023 మే 21న కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో వాన నీళ్లలో కారు మునిగి, ఆంధ్రప్రదేశ్ నుంచి ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన 22 ఏళ్ల అమ్మాయి ప్రాణాలు కోల్పోయింది. అదే కారులో ఆమె కుటుంబం కూడా ఉంది. అండర్‌పాస్‌లో నీళ్లు కనిపిస్తే ఎంత లోతో పై నుంచి చెప్పలేం. ముందు బస్సు వెళ్లింది కదా అని వెళ్లకండి. వెనక్కి తిరగండి, అరగంట పడితే పట్టనివ్వండి.

తప్పనిసరై కొద్దిపాటి నీళ్లు దాటాల్సి వస్తే, డోర్ కింది అంచును నీళ్లు అందుకునే లోతులోకి దిగొద్దు. మొదటి గేరులో, ఒకే వేగంతో, అల లేవకుండా వెళ్లండి. గార్డ్ లేని బండితో అదీ వద్దు.

మెకానిక్ "అది లేకపోతేనే ఇంజిన్ చల్లగా ఉంటుంది సార్" అన్నాడు. నిజమేనా?

వినడానికి సబబుగానే ఉంటుంది కానీ నిజం కాదు. గ్రిల్‌లోంచి వచ్చిన గాలి రేడియేటర్‌లోంచి దూరి వెళ్లాలంటే రేడియేటర్ వెనక పీడనం తక్కువగా ఉండాలి. అలా ఉండడానికి అండర్ కవర్ సాయం చేస్తుంది. అది లేకపోతే హైవే వేగంలో కింది నుంచి కూడా గాలి ఇంజిన్ గదిలోకి ఎగదన్ని, రేడియేటర్‌లోంచి రావాల్సిన గాలికి అడ్డుపడుతుంది. ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. ఇంజిన్ గదిలోని వేడిగాలి బంపర్ కిందుగా ముందుకు వచ్చి, ఫ్యాన్ లాగితే మళ్లీ రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్‌లోకే వెళ్తుంది. "మారతహళ్లి సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీ చల్లదనం తగ్గుతోంది, కదిలితే బాగుంటోంది" అనేవాళ్లు గ్యాస్ నింపించే ముందు ఒకసారి కిందికి వంగి చూడండి. కవర్ లేకపోవడం కూడా ఒక కారణం కావచ్చు.

మెకానిక్‌లు అందరూ బద్ధకంతో అలా అంటారని కాదు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ పడుకుని పది క్లిప్పులు తీసి పెట్టడం కష్టమైన పనే.

మైలేజీ తగ్గుతుందా? చప్పుడు పెరుగుతుందా?

బెంగళూరు ట్రాఫిక్ వేగాల్లో మైలేజీ తేడా తెలియదు. హైవే మీద గాలి ఒరిపిడి కొద్దిగా పెరుగుతుంది. చప్పుడు మాత్రం తెలుస్తుంది, ముఖ్యంగా డీజిల్ బండ్లలో.

హంప్ గట్టిగా తగిలింది, తర్వాత గార్డ్ కనబడలేదు. ఇంకేం చూసుకోవాలి?

గార్డ్ సంగతి తర్వాత, ముందు ఆయిల్ చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) చూడండి. ప్లాస్టిక్ గార్డ్ బురదను ఆపుతుంది కానీ దెబ్బను ఆపలేదు. దాని వెనకే ఆయిల్ చాంబర్, డ్రెయిన్ బోల్ట్, కొన్ని బండ్లలో ఆయిల్ ఫిల్టర్ ఉంటాయి. చాంబర్ ఇనుప రేకుదైతే సొట్ట పడుతుంది, అల్యూమినియందైతే పగులుతుంది.

సమతలంగా ఉన్న చోట ఆపి, పావుగంట తర్వాత కింద చూడండి. నల్లటి లేదా తేనెరంగు చుక్కలు పడుతుంటే ఇంజిన్ ఆయిల్. పచ్చ, గులాబీ, నీలం రంగు నీళ్లయితే కూలెంట్. ఏసీ నుంచి కారే రంగులేని నీళ్లకు కంగారు అక్కర్లేదు. డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడండి. నడుపుతుండగా ఎర్రటి ఆయిల్ గుర్తు వెలిగితే మాత్రం వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. ఆ ఎర్ర లైటుతో కొద్ది దూరం నడిపినా బేరింగులు పట్టేస్తాయి.

గార్డ్ లేనందువల్ల ఒక్క లాభం ఉంది, దాన్ని వాడుకోండి. కవర్ ఉన్నప్పుడు చిన్న లీకులు దాని మీదే ఆగిపోతాయి, పార్కింగ్ నేల మీద మచ్చ పడదు, మనకు తెలియదు. కొత్తది బిగించే ముందు లిఫ్ట్ మీద పెట్టించి ఆయిల్ సీళ్లు, డ్రైవ్ షాఫ్ట్ బూట్లు (చక్రాలను తిప్పే షాఫ్టు మీది రబ్బరు తొడుగులు), హోస్‌లు ఒకసారి చూపించండి.

నేనే ఇంట్లో బిగించుకోవచ్చా?

పాత పలక బాగుండి, క్లిప్పులు మాత్రమే పోయి ఉంటే బిగించుకోవచ్చు. ఒక్క నియమం మాత్రం దాటకండి. కారుతో వచ్చే జాకీ టైరు మార్చడానికే, దాని మీద ఎత్తిన బండి కిందికి ఎప్పుడూ దూరకూడదు. జాకీ జారితే బతికే అవకాశం ఉండదు. జాక్ స్టాండ్లు గానీ, బలమైన ర్యాంపులు గానీ లేకపోతే పని గ్యారేజీకి వదిలేయండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి.

చాలా బండ్లకు క్లిప్పులతోపాటు 10 ఎంఎం బోల్టులుంటాయి, యూరప్ బ్రాండ్లకు నక్షత్రం తల స్క్రూలు. క్లిప్పుకు నడుమ ఒక మేకు ఉంటుంది. మేకు పైకి లాగిన స్థితిలో క్లిప్పును రంధ్రంలో దూర్చి, తర్వాత మేకును వేలితో తలతో సమానంగా నొక్కాలి. అప్పుడే లోపల కాళ్లు విచ్చుకుని పట్టుకుంటాయి. మేకు ముందే నొక్కేసి సుత్తితో కొడితే క్లిప్పు విరుగుతుంది.

రెండు ముక్కల కవర్ అయితే వరుస తప్పొద్దు. ముందు ముక్క వెనక అంచు కిందికి, వెనక ముక్క ముందు అంచు పైకి రావాలి, పెంకుటింటి పెంకులు ఒకదాని మీద ఒకటి ఒదిగినట్టు. తిరగేసి బిగిస్తే గాలి సందులో దూరి మళ్లీ చింపేస్తుంది.

క్లిప్పు రంధ్రం చిరిగి పెద్దదైతే వెడల్పాటి వాషర్ వేసి బిగించండి. పలకకు పగులు ఉంటే, పగులు చివర ఒక చిన్న రంధ్రం చేస్తే అది ఇంకా సాగదు. తర్వాత పగులుకు రెండు వైపులా కాల్చిన మేకుతో రంధ్రాలు పొడిచి జిప్ టైలతో కుట్టేయవచ్చు. ఈ కుట్టుతో ఒక వానాకాలం గడుస్తుంది. సైలెన్సర్ గొట్టానికి దగ్గరగా మాత్రం జిప్ టై వాడొద్దు, కరిగిపోతుంది. గుడ్డ, తాడు, గోనె ముక్కలు అసలే వద్దు. వాటికి నిప్పంటుకుంటుంది.

కొత్తది ఎక్కడ దొరుకుతుంది?

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో, అధీకృత స్పేర్స్ దుకాణాల్లో, లేదా జె.సి. రోడ్డులో. జె.సి. రోడ్డుకు వెళ్తే ఆర్‌సీ కార్డు ఫోటో, పాత పలక లేదా దాని ఫోటో వెంట ఉంచుకోండి. ఒకే మోడల్ పేరుతో పెట్రోల్, డీజిల్, ఆటోమేటిక్ బండ్లకు వేరువేరు కవర్లుండవచ్చు. ఛాసిస్ నంబరు చెబితే సరైన పార్ట్ నంబరు తేలిపోతుంది. సెకండ్‌హ్యాండ్ విడిభాగాలకు శివాజీనగర్ వైపు వెళ్లేవాళ్లున్నారు. పలక వరకు పాతది తీసుకోవడంలో తప్పు లేదు, క్లిప్పులు మాత్రం కొత్తవే కొనండి, నాలుగు ఎక్కువే కొని డ్యాష్‌బోర్డు అరలో వేసుకోండి. చిన్న కార్ల కవర్లు పెద్ద ఖర్చు కావు, యూరప్ బ్రాండ్లవి మాత్రం ఖరీదుగా ఉంటాయి.

బయటి తయారీ కవర్ కొంటే దుకాణంలోనే పాతదాని మీద పెట్టి రంధ్రాలు కలుస్తున్నాయో లేదో చూసుకోండి. కలవని రంధ్రానికి కొత్త రంధ్రం కొట్టి బిగిస్తామంటే ఒప్పుకోవద్దు.

ప్లాస్టిక్ బదులు ఇనుప ప్లేటు వేయిస్తే?

తోటకో, పొలానికో, సకలేశపుర వైపు కాఫీ ఎస్టేట్ రోడ్లకో తరచుగా వెళ్లేవాళ్లకు ఉపయోగమే. రాయి తగిలినా చాంబర్ మిగులుతుంది. ఊళ్లో తిరిగే బండికి నేను చెప్పను. బరువు పెరుగుతుంది, ఉన్న గ్రౌండ్ క్లియరెన్స్‌లో కొంత తగ్గుతుంది, గాలి రంధ్రాలు సరిగ్గా లేకపోతే వేడి నిలిచిపోతుంది. వేయించేట్టయితే మీ మోడల్ కోసమే చేసినదై ఉండాలి, కంపెనీ ఇచ్చిన బోల్ట్ రంధ్రాలకే బిగించాలి, డ్రెయిన్ బోల్ట్ దగ్గర కిటికీ ఉండాలి. వెల్డింగ్ మాట వస్తే లేచి వచ్చేయండి.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయొచ్చా?

చేయొచ్చు కానీ గిట్టుబాటు కాదు. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు తీసేస్తారు. దాని మీద తప్పనిసరి మినహాయింపు (ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన మొత్తం) 1500 సీసీ దాకా ఉన్న కార్లకు 1000 రూపాయలు, ఆ పైన 2000. జీరో డిప్ అనే యాడ్-ఆన్ ఉంటే తరుగు తీసేయరు కానీ మినహాయింపు ఉంటుంది. అన్నిటికీ మించి, మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 శాతం దాకా పెరిగే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోగొట్టుకుంటారు. ఒక్క ప్లాస్టిక్ పలక కోసం అంత వదులుకోవద్దు. బంపర్, రేడియేటర్, చాంబర్ కూడా దెబ్బతింటే అప్పుడు అన్నీ కలిపి ఒకే క్లెయిమ్ పెట్టండి.

నీళ్లు పీల్చి ఇంజిన్ పాడైతే మామూలు పాలసీ సాధారణంగా ఒప్పుకోదు, దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ అనే యాడ్-ఆన్ తీసుకోవాలి. బెంగళూరులో సెల్లార్ పార్కింగ్ ఉన్నవాళ్లు రెన్యువల్ అప్పుడు దీన్ని వదిలేయకండి.

కవర్ లేకపోతే ఎలుకలు ఎక్కుతాయా?

దారి సులువవుతుంది. అలాగని కవర్ ఉంటే రావని కాదు. చక్రం వైపు నుంచి ఎక్కి, ఆ కవర్ మీదే గుడ్డపీలికలతో గూడు కట్టుకున్నవీ ఉంటాయి. పది రోజులకు పైగా కదలని బండికి ముప్పు ఎక్కువ, ముఖ్యంగా పార్కింగ్ పక్కన చెత్త డబ్బాలుంటే.

సంక్రాంతికి కారులో ఊరు వెళ్తున్నాం. గార్డ్ లేకుండా వెళ్లొచ్చా?

అనంతపురం, కర్నూలు వైపు ఎన్‌హెచ్ 44 మీదే వెళ్లి, వాన లేకపోతే, పెద్ద ఇబ్బంది ఉండదు. కానీ ఊరు హైవే మీద ఉండదు కదా. బాగేపల్లి దాటి లోపలికి తిరిగినా, కోలారు మీదుగా పలమనేరు పల్లెల్లోకి వెళ్లినా, డిసెంబర్, జనవరి నెలల్లో రైతులు రాగి, ఉలవ కట్టెను (కోసిన ఎండు పైరును) నూర్పిడి కోసం రోడ్డు మీద పరుస్తారు. దాని మీదుగా కార్లు వెళ్తాయి. ఉలవ తీగ పొడుగ్గా, నారలా ఉంటుంది. చక్రాల ఇరుసుకూ సైలెన్సర్‌కూ చుట్టుకుని, వేడికి రాజుకుని, కారు కాలిపోయిన ఘటనలు కర్ణాటకలో జరిగాయి.

గార్డ్ ఉన్నా సైలెన్సర్ గొట్టం చాలావరకు బయటే ఉంటుంది కాబట్టి ఈ ముప్పు పూర్తిగా పోదు. గార్డ్ లేకపోతే ఇంజిన్ కింద, బెల్ట్ దగ్గర కూడా కట్టె చిక్కుకుంటుంది. అలాంటి కళ్లం ఎదురైతే వీలుంటే అంచు నుంచి వెళ్లండి. తప్పక ఎక్కాల్సి వస్తే దాటిన వెంటనే పొడి గడ్డి లేని చోట ఆపి, కిందికి వంగి చూడండి. కాలిన వాసన వస్తే అందరినీ దించేసి, ఇంజిన్ ఆపి, ఆ తర్వాతే చూడండి. కట్టెను చేత్తో లాగొద్దు, కర్రతో లాగండి. బయల్దేరే ముందే గార్డ్ వేయించుకుంటే సగం బెంగ తీరుతుంది. పండగకు వారం ముందు గ్యారేజీలన్నీ నిండిపోతాయి, డిసెంబర్‌లోనే ఇచ్చేయండి.

ఎలక్ట్రిక్ కారుకు కూడా ఇదే మాట వర్తిస్తుందా?

బెల్ట్, ఆయిల్ చాంబర్ బాధలు లేవు. బ్యాటరీకి దాని సొంత గట్టి కవచం ఉంటుంది, చాలా ప్యాక్‌లకు ఐపీ67 రక్షణ ఉంటుంది, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా లోపలికి నీరు చేరకూడదు. అయినా ముందు కవర్ ఊడిందంటే కింద ఏదో తగిలిందన్నమాట. బ్యాటరీ పెట్టెకు సొట్ట పడిందో లేదో కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే చూపించండి. కింద నారింజ రంగు వైర్లు కనబడితే అవి హై వోల్టేజీవి, ముట్టుకోవద్దు. ఈ బండ్లకు ఇంటి రిపేరు వద్దు.

పాత కారు కొంటున్నాను. అండర్ కవర్ చూసి ఏమైనా తెలుస్తుందా?

చాలా తెలుస్తుంది. కవర్ అసలు లేకపోతే, లేదా వైరుతో కట్టి ఉంటే, ఆ బండి సర్వీసింగ్ ఎలా జరిగిందో ఊహించుకోవచ్చు. బెల్ట్, పుల్లీలు, కింది కనెక్టర్లు దగ్గరుండి చూపించి, దానికి తగ్గట్టు ధర తగ్గించమనండి. పాత బండికి కవర్ మాత్రం మెరిసే కొత్తదైతే, ముందు ఏం తగిలిందో అడగండి.

ఇంకొకటి, మునిగిన బండిని పట్టుకోవడానికి ఇది మంచి చోటు. అమ్మేవాళ్లు సీట్లు కడిగిస్తారు, కార్పెట్ మారుస్తారు, ఇంజిన్ పైభాగం పాలిష్ చేయిస్తారు. అండర్ కవర్ పై వైపు కడగాలని ఎవరికీ తోచదు. లిఫ్ట్ మీద కవర్ విప్పించండి. దాని మూలల్లో, మడతల్లో రోడ్డు కంకర, ఎండుటాకులు ఉండడం మామూలే. పొడిలా మెత్తగా, పొరలు కట్టి ఎండిన ఒండ్రుమట్టి ఉంటే, అదే మట్టి హెడ్‌ల్యాంప్ వెనక, ఫెండర్ లోపలి అంచుల మీద కూడా కనిపిస్తే, ఆ బండి నీళ్లలో నిలబడినదే. బేరం అక్కడితో ఆపేయండి.